వరిలో కీటక నిరోధకత - తెలుగు పరిభాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వరిని ఆశించే కీటకాలను గురించి తెలుగులో వెలువడే శాస్త్రరచనలలో ‘తట్టుకొనే రకం’, ‘నిరోధక శక్తి’, ‘జన్యు నియంత్రణ’ అనే మాటలు విరివిగా కనిపిస్తాయి. ఈ మాటలు జన్యుశాస్త్రం వేరువేరుగా చూసే విషయాలను ఒకటిగా కలిపివేస్తున్నాయని, దానివల్ల ఒక వరి రకం ఎందుకు నిలిచింది, ఎందుకు విఫలమైంది అన్న ప్రశ్నకు సరైన సమాధానం అందడం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సుడిదోమ, ఉల్లికోడు అనే రెండు కీటకాల విషయంలో జరిగిన జన్యు పరిశోధనలు ఇందుకు ఆధారం. రైతుల వ్యవహారంలోని క్రియాపదాలే పరిభాషా నిర్మాణానికి ఎలా తోడ్పడగలవో కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వరి, సుడిదోమ, ఉల్లికోడు, నిరోధకత, జన్యువు, బయోటైపు, పరిభాష, శాస్త్రరచన.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్ర పరిభాషను గురించిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతూ వచ్చింది. ఆంగ్లపదాన్ని యథాతథంగా తీసుకోవాలా, సంస్కృత సమాసం కల్పించాలా, అచ్చతెలుగు మాట వెతకాలా అన్నదే ఆ ప్రశ్న. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు ప్రచురించిన నాటినుంచి ఈ మూడు మార్గాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. అయితే పదం ఏ భాషనుంచి వచ్చిందన్న విచారణ జరిగినంతగా, ఆ పదం వాక్యంలో చేరినప్పుడు ఏ అర్థాన్ని ఇస్తుంది, దేనిని మరుగుపరుస్తుంది అన్న విచారణ జరగలేదు.

వరిలో కీటక నిరోధకత ఈ విచారణకు అనువైన రంగం. ఇక్కడ పాఠకులు మూడు వర్గాలవారు. విత్తనం ఎంచుకొనే రైతు, ఆ రైతుకు సలహా ఇచ్చే వ్యవసాయాధికారి, జన్యుశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి. ముగ్గురికీ ఒకే మాట చేరుతుంది. ఆ మాటలో పొరపాటు ఉంటే విద్యార్థికి మార్కులు తగ్గవచ్చు. రైతుకు పంట పోవచ్చు. కనుక ఇక్కడ పదాల మంచిచెడ్డలు కేవలం శైలికి సంబంధించినవి కావు.

పరిశీలనను రెండు కీటకాలకు పరిమితం చేయడానికి కారణం ఉంది. సుడిదోమ, ఉల్లికోడు విషయంలో నిరోధక జన్యువుల పరిశోధన బాగా ముందుకు సాగింది. పైగా ఆ పరిశోధనలో కొంత భాగం తెలుగు నేలమీదనే, వరంగల్లులోను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోను జరిగింది.

2. వ్యవహారంలోని పేర్లు - వాటిలోని పరిశీలన:

శాస్త్ర పరిభాషను విమర్శించే ముందు రైతులు పెట్టుకొన్న పేర్లను చూడాలి. ‘సుడిదోమ’ అనే పేరులో ‘సుడి’ పొలంలో కనిపించే దృశ్యం. దోమ దుబ్బుల అడుగున, నీటిమట్టానికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీల్చినప్పుడు పైరు అక్కడక్కడ గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది. దీని వల్ల కలిగే నష్టానికి ‘దోమపోటు’ అని పేరు. తెలుగులో ‘పోటు’ అనే మాటకు పొడవడం (కత్తిపోటు), పొంగడం (ఆటుపోటు), నొప్పి (తలపోటు) అనే అర్థాలున్నాయి. ఈ మాట పుట్టుక ఏదైనా, సూదిలాంటి నోటిభాగాన్ని కాండంలోకి పొడిచి రసం పీల్చే కీటకానికి, రోజుల వ్యవధిలో పొంగిపొరలే దాని సంతతికి అది చక్కగా అతుకుతుంది.

‘ఉల్లికోడు’ విషయం మరింత ఆసక్తికరమైనది. ఈ పేరులో పురుగు ప్రస్తావన లేదు. గుడ్డునుంచి వెలువడిన చిన్న పురుగు తడి ఆధారంగా ఆకుతొడిమల మధ్య నుంచి జారి మొవ్వును చేరుతుంది. అక్కడ అది తినడం మొదలుపెట్టగానే మొక్క పెరుగుదల దారి మళ్ళుతుంది. ఆకు విచ్చుకోవలసిన చోట ఉల్లి ఆకువంటి తెల్లని గొట్టం వస్తుంది. ఆ పిలకకు కంకి రాదు. రైతు పురుగును చూడలేదు, గొట్టాన్ని చూశాడు. చూసినదానికి పేరు పెట్టాడు. జన్యుశాస్త్రం దృశ్యరూపమని పిలిచేదానికే ఈ పేరు చెందుతుంది.

ఈ పేర్లకు పరిమితి కూడా ఉంది. లక్షణాన్ని బట్టి పెట్టిన పేరు కారణాన్ని చెప్పదు. హిస్పా అనే పెంకు పురుగు చేసే నష్టాన్ని ‘తాటాకు తెగులు’ అంటారు. శిలీంధ్రం వల్ల వచ్చేదాన్ని ‘అగ్గితెగులు’ అంటారు. రెంటికీ ‘తెగులు’ అన్న మాట ఒక్కటే. కీటక నిరోధక జన్యువు వేరు, రోగ నిరోధక జన్యువు వేరు అని చెప్పవలసి వచ్చినప్పుడు ఈ ఉమ్మడి మాట అడ్డు వస్తుంది. కాబట్టి వ్యవహారభాషను ఉన్నదున్నట్టు పరిభాషగా స్వీకరించడం పరిష్కారం కాదు. అందులో ఏది పనికివస్తుంది, ఏది చాలదు అని విడదీయాలి.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. రైతుల మాటలకు శాస్త్రీయ అధ్యయనంలో స్థానం కల్పించిన ఆ కృషి దారి చూపింది. ఆ దారిలో తరువాతి అడుగు నామవాచకాలను దాటి క్రియల వైపు వేయవలసి ఉంది.

3. ‘తట్టుకొనుట’ అనే ఒక్క మాట - మూడు విధానాలు:

మొక్క కీటకాన్ని ఎదుర్కొనే తీరును 1951లో ఆర్.హెచ్. పెయింటర్ మూడు విధాలుగా వర్గీకరించాడు. మొదటిది, కీటకం ఆ మొక్కను ఇష్టపడకపోవడం. 1978లో కోగన్, ఆర్ట్‌మన్ దీనికి యాంటీక్సెనోసిస్ అనే పేరు సూచించారు. రెండవది, కీటకం మొక్కను తిన్నప్పటికీ సరిగా పెరగలేకపోవడం, చనిపోవడం, గుడ్లు తగ్గడం. ఇది యాంటీబయోసిస్. మూడవది, కీటకం తిని వృద్ధి చెందినా మొక్క ఆ నష్టాన్ని భరించి దిగుబడి ఇవ్వడం. ఇది టాలరెన్స్.

తెలుగు రచనలలో ఈ మూడింటికీ తరచు ‘తట్టుకొను’ అనే క్రియనే వాడుతున్నారు. కొత్త రకాల వర్ణనలలో ‘దోమపోటును తట్టుకుంటుంది’ అనేది దాదాపు స్థిరమైన వాక్యంగా మారింది. కానీ తెలుగువారి వాడుకలో ‘తట్టుకొను’ అంటే దెబ్బ తగలకుండా ఉండడం కాదు. తగిలిన దెబ్బకు కూలకుండా ఉండడం. ఎండను తట్టుకుంటారు, కష్టాన్ని తట్టుకుంటారు. ఎండా కష్టమూ లేవని దాని అర్థం కాదు. అంటే ఈ క్రియ నిజానికి మూడవ విధానానికి మాత్రమే చెందుతుంది.

పర్యాయంగా వాడుతున్న ‘నిరోధక శక్తి’ వైద్యరంగం నుంచి వచ్చింది. ‘రోగనిరోధక శక్తి’ అన్న మాటతో పరిచయమున్న పాఠకుడు దీన్ని మొక్క ఒంట్లో ఉండే ఒక నిల్వగా, ఎక్కువ తక్కువలుగా కొలవదగిన బలంగా ఊహిస్తాడు. ఏ విధానంలో ఆ ఫలితం వచ్చిందన్న ప్రశ్నకు ఈ మాటలో చోటు లేదు.

ఇందుకు తగిన క్రియలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. పురుగు ‘వాలదు’, పురుగు ‘బతకదు’, మొక్క ‘తట్టుకుంటుంది’. ఈ మూడు వాక్యాలలో కర్తను గమనించాలి. మొదటి రెంటిలో కర్త పురుగు. మూడవదానిలో కర్త మొక్క. ఈ వ్యాకరణ భేదమే జీవశాస్త్ర భేదం కూడా. వాలకపోవడం, బతకకపోవడం పురుగు సంతతిపై ఒత్తిడి తెస్తాయి. ఆ ఒత్తిడిలో, ఆ మొక్కపై జీవించగల అరుదైన పురుగులకు మేలు జరిగి అవే సంతతిని పెంచుకుంటాయి. తట్టుకోవడం పురుగుపై అటువంటి ఒత్తిడి తీసుకురాదు. కనుక ఆ గుణం ఎక్కువకాలం నిలిచే అవకాశం ఉంది. కానీ పురుగు మాత్రం ఆ పొలంలో పెరుగుతూనే ఉంటుంది. పక్క పొలంలో తట్టుకోలేని రకం ఉంటే దానికి ప్రమాదమే.

కాబట్టి ‘తట్టుకొనే రకం’ అని చెప్పినప్పుడు రైతు తెలుసుకోవలసిన రెండు విషయాలు మిగిలిపోతున్నాయి. తన పొలంలో దోమ తగ్గుతుందా, తగ్గకపోయినా పంట దక్కుతుందా? ఈ గుణం ఎంతకాలం నమ్మదగినది? వాక్యంలో కర్తను సరిగా నిలిపితే మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది, రెండవదానికి సూచన దొరుకుతుంది.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ అస్పష్టత తెలుగు రచయితలు కల్పించినది మాత్రమే కాదు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న వరి మూల్యాంకన విధానంలో నారు దశలో మొక్కల నష్టాన్ని 0 నుంచి 9 వరకు అంకెలతో సూచిస్తారు. నష్టం తక్కువగా ఉందని ఆ అంకె చెబుతుంది; ఎందుకు తక్కువగా ఉందో చెప్పదు. ప్రయోగశాల ఇచ్చిన అంకెలోనే కలిసిపోయి ఉన్నదాన్ని తెలుగు వాక్యం విడదీయలేదు. అయినా, తెలిసిన చోట చెప్పకపోవడానికి అది కారణం కాజాలదు.

4. ‘నిరోధక శక్తి కోల్పోయిన రకం’ - కర్త మారిన వాక్యం:

ఒక రకం కొన్నేళ్ళు బాగా నిలిచి ఆపై పురుగుకు లొంగితే, ‘ఆ రకం నిరోధక శక్తిని కోల్పోయింది’ అని రాయడం పరిపాటి. ఈ వాక్యంలో కోల్పోయినది రకం. జన్యుశాస్త్రం చెప్పేది దీనికి భిన్నం. రకంలోని జన్యువు మారలేదు. మారినది పురుగు సంతతి.

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో విడుదల చేసిన ఐఆర్ 26 ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ముద్గో అనే భారతీయ వరిలో తొలుత గుర్తించిన బీపీహెచ్ 1 జన్యువు దానిలో ఉంది. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, వియత్నాం దేశాలలో విస్తారంగా సాగయిన ఈ రకం రెండు మూడేళ్ళలోనే సుడిదోమకు లొంగిపోయింది. 1976లో బీపీహెచ్ 2 జన్యువుతో ఐఆర్ 36 వచ్చింది. ఆ జన్యువును తొలుత గుర్తించినది తమిళనాడు అంబాసముద్రం కేంద్రపు ఏఎస్‌డీ 7లో. విచిత్రమేమంటే, ఈ రెండు జన్యువులకూ మూలం భారతీయ రకాలే అయినా, భారతదేశంలోని సుడిదోమ సంతతి ముందు అవి రెండూ నిలవలేదు. ఆగ్నేయాసియాలో నిరోధక రకమైనది ఇక్కడ కాలేకపోయింది. అంటే నిరోధకత రకానికి మాత్రమే చెందిన గుణం కాదు. అది ఒక రకానికి, ఒక పురుగు సంతతికి, ఒక ప్రాంతానికి, ఒక కాలానికి మధ్యనున్న సంబంధం.

ఉల్లికోడు చరిత్ర దీన్నే తెలుగు నేలమీద చూపుతుంది. వరంగల్లులో ఎంటీయూ 15, ఈశ్వరకోర అనే దేశవాళీ రకాన్ని సంకరపరచి రూపొందించిన డబ్ల్యూ 1263, తరువాత గుర్తించిన తొలి ఉల్లికోడు నిరోధక జన్యువుకు ఆధారమయింది. ఐఆర్ 8ను థాయిలాండు రకం సియాం 29తో సంకరపరచగా వచ్చిన ఫల్గుణ మరొక జన్యువును కలిగి ఉంది. ఫల్గుణ 1970ల చివరి నుంచి విస్తరించింది. 1980లలో శ్రీకాకుళం ప్రాంతంలో ఆ రకాన్ని ఆశించగల కొత్త బయోటైపు బయటపడింది. చూడడానికి ఒకే విధంగా ఉన్నా, ఏ రకాలపై జీవించగలదన్న విషయంలో భేదించే పురుగు సంతతిని బయోటైపు అంటారు. దేశంలో ఉల్లికోడుకు ఏడు బయోటైపులను గుర్తించారు.

ఈ నేపథ్యంలో ‘రకం శక్తి కోల్పోయింది’ అన్న వాక్యం వల్ల కలిగే నష్టం స్పష్టం. రకమే చెడిందని చదివిన రైతుకు మొదట కలిగే అనుమానం విత్తనం మీద. కల్తీ జరిగిందా, పాత విత్తనం అంటగట్టారా అని ఆలోచిస్తాడు. కొన్ని సందర్భాలలో ఆ అనుమానం నిజం కావచ్చు. కానీ మంచి విత్తనం వేసినా పురుగు మారి పంట పోయిన సందర్భంలో, కారణం చెప్పవలసిన భాషే తప్పుదారి చూపుతుంది. ఒకే జన్యువున్న రకాన్ని ఊరంతా, ఏటేటా వేయడమే పురుగు మారడానికి వీలు కల్పించిందన్న పాఠం ఎవరికీ అందదు. ‘ఈ రకాన్ని ఆశించగల పురుగు వచ్చింది’ అనేది అంతే చిన్న వాక్యం. కానీ దానిలో కర్త సరైన చోట ఉంది.

5. ‘నియంత్రణ’ - రెండు భావనలకు ఒక్క పదం:

‘సస్యరక్షణ’ రచనలలో ‘పురుగుల నియంత్రణ’ అంటే పురుగులను అదుపు చేయడం. జన్యుశాస్త్ర రచనలలో ‘జన్యు నియంత్రణ’ అంటే జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయమయ్యే ప్రక్రియ. ఈ రెండు భావనలూ ఒకే రచనలో కలిసినప్పుడు చిక్కు ఏర్పడుతుంది. ‘వరిలో కీటక నిరోధకత - జన్యు నియంత్రణ’ అన్న శీర్షికను మూడు విధాలుగా చదవవచ్చు. జన్యువుల ద్వారా కీటకాలను అదుపు చేయడం; నిరోధక గుణాన్ని జన్యువులు నిర్ణయించడం; నిరోధక జన్యువుల పనితీరు క్రమబద్ధం కావడం. సమాసం సంక్షిప్తంగా ఉంది. స్పష్టంగా మాత్రం లేదు.

ఈ భేదం ఎంత ముఖ్యమైనదో బీపీహెచ్ 14 జన్యువు పరిశోధన చూపుతుంది. ఆఫిసినాలిస్ అనే అడవి వరినుంచి వచ్చిన ఈ జన్యువును 2009లో చైనా శాస్త్రవేత్తలు వేరుచేశారు. సుడిదోమ నిరోధక జన్యువులలో ఇలా వేరుచేయబడినది ఇదే మొదటిది. దోమ రసం పీల్చే పోషక కణజాలపు నాళాలలో కాలోజ్ అనే పదార్థం పేరుకొని దారి మూసుకుపోవడానికి ఈ జన్యువు దోహదం చేస్తుందని తేలింది. తెలుగులో దీన్ని పరిచయం చేయవలసి వస్తే ‘కవచం’, ‘ఆయుధం’, ‘కోట’ వంటి పోలికలు వెంటనే స్ఫురిస్తాయి. ఇవి నిరోధకత ఎల్లవేళలా ధరించి ఉండేదన్న భావం కలిగిస్తాయి.

2023లో ప్రకటితమైన తదుపరి పరిశోధన ఈ ఊహను సవరించింది. దోమ లాలాజలంలోని ఒక ప్రోటీన్ మొక్క కణాలలోకి చేరి, మామూలు వరిలో సహజంగా ఉండే రక్షణను అణచివేస్తుంది. బీపీహెచ్ 14 ఉన్న మొక్కలో ఆ జన్యువు ఇచ్చే ప్రోటీన్ ఈ లాలాజల ప్రోటీన్‌ను నేరుగా గుర్తుపట్టి రక్షణను మేల్కొలుపుతుంది. అయితే ఆ రక్షణ ఎడతెగక సాగితే మొక్క పెరుగుదల, దిగుబడి దెబ్బతింటాయి. అందుకే కణంలో అనవసరమైనవాటిని జీర్ణం చేసుకొనే ఆటోఫజీ అనే ప్రక్రియ ఆ లాలాజల ప్రోటీన్‌ను తొలగిస్తుంది. దోమ పీల్చడం ఆగగానే రక్షణ సద్దుమణిగి మొక్క యథాస్థితికి చేరుతుంది.

అంటే ఇక్కడ మేల్కొనడం ఎంత ముఖ్యమో సద్దుమణగడం అంతే ముఖ్యం. ‘కవచం’ కంటే ‘కాపలా’ అన్న పోలిక ఈ ప్రక్రియకు దగ్గరగా ఉంటుంది. ‘నియంత్రణ’ అనే పదాన్ని పురుగును అదుపు చేయడమనే అర్థంలోనే చదివిన పాఠకుడికి, మొక్క తన రక్షణనే తాను మట్టుపెట్టుకొనే ఈ ఘట్టం అర్థం కాదు. పురుగుల విషయంలో ‘అదుపు’ లేదా ‘నివారణ’, జన్యువుల విషయంలో ‘క్రమబద్ధీకరణ’ అని వేరుచేసి వాడడం మేలు. గుణాన్ని జన్యువు నిర్ణయించే సందర్భంలో ‘నిర్ణయం’ అన్న మాటే సరిపోతుంది.

6. జన్యువుల పేర్లు - లిప్యంతరీకరణ సమస్య:

జన్యువుల పేర్లు రోమన్ లిపి సంప్రదాయాన్ని అనుసరించి ఏర్పడ్డాయి. బహిర్గత జన్యువు పేరు పెద్దబడి అక్షరంతో, అంతర్గత జన్యువు పేరు చిన్నబడి అక్షరంతో మొదలవుతుంది. తెలుగు లిపిలో ఈ భేదం లేదు. పైన ఈ వ్యాసంలోనే ‘బీపీహెచ్ 1’, ‘బీపీహెచ్ 2’ అని రాసినప్పుడు, మొదటిదానిని బహిర్గతంగాను రెండవదానిని అంతర్గతంగాను తొలి పరిశోధకులు గుర్తించారన్న సమాచారం జారిపోయింది. ఇది సంకరణంలో పనికివచ్చే సమాచారం. అంతర్గత జన్యువైతే తల్లి, తండ్రి ఇరువైపుల నుంచి వస్తేనే గుణం బయటపడుతుంది. సంకర వరి తయారీలో ఈ విషయాన్ని ముందే చూసుకోవాలి. కనుక తెలుగులో జన్యువు పేరుకు ముందు ‘బహిర్గత’, ‘అంతర్గత’ అన్న విశేషణాన్ని తొలి ప్రస్తావనలోనైనా చేర్చడం అవసరం.

రెండవ చిక్కు మరింత తీవ్రమైనది. ఉల్లికోడు నిరోధక జన్యువులకు ఆ పురుగు ఆంగ్లనామపు పొడి అక్షరాలతో పేర్లు పెట్టారు. వాటిని తెలుగులో రాస్తే ‘జీఎం 1’, ‘జీఎం 2’, ‘జీఎం 8’ అవుతాయి. తెలుగు పత్రికలలో ‘జీఎం’ అంటే జన్యుమార్పిడి పంటలు. ‘జీఎం 8 జన్యువు గల వరి’ అని చదివిన పాఠకుడు దాన్ని జన్యుమార్పిడి వరిగా భావించడంలో ఆశ్చర్యం లేదు. వాస్తవానికి ఈ జన్యువులు వరిలోనే ఉన్నవి. సాధారణ సంకరణం ద్వారా ఒక రకం నుంచి మరొక రకానికి చేర్చదగినవి. జన్యుమార్పిడి వరి వేరు. కాండం తొలుచు పురుగుకు సాగు వరిలో బలమైన నిరోధకత దొరకకపోవడం వల్ల బాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ వరిపై పరిశోధనలు జరిగాయి. చైనా 2009లో అటువంటి రెండు వరులకు జీవభద్రతా ధ్రువపత్రాలు ఇచ్చింది. ఈ రెండు మార్గాల మీద సమాజంలో ఉన్న అభిప్రాయాలు ఒకటి కావు. ఒక లిప్యంతరీకరణ ఆ రెంటినీ కలిపేస్తే చర్చ మొదలవకముందే పక్కదారి పడుతుంది. ‘ఉల్లికోడు జన్యువు 1’, ‘ఉల్లికోడు జన్యువు 8’ అని రాస్తే ఈ ప్రమాదం ఉండదు.

మూడవది లెక్కకు సంబంధించినది. సుడిదోమ నిరోధక జన్యువులు ఎన్నో కనుగొన్నారని రాసే రచనలు వాటన్నింటినీ వేరువేరు జన్యువులుగా లెక్కిస్తాయి. కానీ 2016లో వెలువడిన పరిశోధన 12వ క్రోమోజోముపై ఉన్న బీపీహెచ్ 1, 2, 7, 9, 10, 18, 21, 26 అనేవి ఒకే స్థానంలోని భిన్నరూపాలని చూపింది. పాఠ్యపుస్తకాల భాషలో ఇవి యుగ్మవికల్పాలు. పేర్లు ఎనిమిది, స్థానం ఒక్కటి. ‘జన్యువు’, ‘యుగ్మవికల్పం’ అన్న మాటలను తరగతి గదిలో విడివిడిగా బోధించి, వ్యాసంలో మాత్రం కలిపివేయడం సరికాదు.

7. ఆక్షేపణలు - సమాధానాలు:

ఈ ప్రతిపాదనలకు రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, రైతుకు ఇంత వివరం అవసరమా అన్నది. రైతు అడిగేది ‘దోమ వస్తుందా, రాదా’ అని. బయోటైపులు, విధానాలు శాస్త్రవేత్తలు చూసుకుంటారు అన్న వాదన ఇది. కానీ తెలుగు సస్యరక్షణ సలహాలే రైతు వివరాన్ని అందుకోగలడని నిరూపిస్తున్నాయి. సుడిదోమ నివారణకు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని చెప్పే సలహా గాలి, వెలుతురు, దుబ్బు అడుగు తేమ అనే కారణాలతో కూడినది. సాలీళ్ళను, అక్షింతల పురుగులను చంపే మందులు కొట్టవద్దన్న సలహా పురుగుల మధ్యనున్న సంబంధాలను వివరించేది. వీటిని గ్రహించి ఆచరించగల రైతు ‘పురుగు బతకదు’, ‘పైరు తట్టుకుంటుంది’ అన్న రెండు వాక్యాల తేడాను గ్రహించలేడనడానికి ఆధారం లేదు.

రెండవ ఆక్షేపణ శాస్త్రం వైపునుంచి వస్తుంది. ఒకే రకంలో రెండు మూడు విధానాలు కలిసి ఉండవచ్చు. రకం విడుదలయ్యే నాటికి దాని విధానం తెలియకపోవచ్చు. ఇది సమంజసమైన ఆక్షేపణ. అటువంటప్పుడు ‘ఈ ప్రాంతపు పరీక్షలలో దోమ నష్టం తక్కువగా కనిపించింది’ అని రాయడమే నిజాయితీ. అందులో స్థలం ఉంది, కాలం ఉంది, చూసిన విషయం ఉంది. ‘నిరోధక శక్తి కలదు’ అన్న వాక్యం తెలియనిదాన్ని తెలిసినట్టు చూపుతుంది. పరిభాష పని తెలిసినదాన్ని స్పష్టంగా చెప్పడంతో తీరదు. తెలిసినదాని హద్దును చూపడం కూడా దాని పనే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ‘తట్టుకొను’ అన్న క్రియను మొక్క నష్టాన్ని భరించే సందర్భానికే పరిమితం చేసి, మిగిలిన రెండు విధానాలకు పురుగును కర్తగా నిలిపే ‘వాలదు’, ‘బతకదు’ అన్న క్రియలను వాడడం మేలు. రకం విఫలమైనప్పుడు మార్పు పురుగు సంతతిలో వచ్చిందా, విత్తనంలో వచ్చిందా అన్నది వాక్యంలోనే తెలియాలి. ‘నియంత్రణ’ మోస్తున్న రెండు భారాలను ‘అదుపు’, ‘క్రమబద్ధీకరణ’ అన్న మాటలు పంచుకోవాలి. జన్యువుల పేర్లను తెలుగు లిపిలోకి మార్చేటప్పుడు లిపిలో జారిపోయే సమాచారాన్ని మాటల్లో పూరించాలి.

ఇందులో కొత్తగా కల్పించిన పదం ఒక్కటీ లేదు. ఇప్పటివరకు పరిభాషా చర్చ నామవాచకాలకు సమానార్థకాలు వెతకడం మీద కేంద్రీకృతమయింది. కీటక నిరోధకత విషయంలో అసలు తేడా నామవాచకంలో కాక క్రియలో, ఆ క్రియకు కర్త ఎవరన్న దానిలో ఉంది. ఈ దృష్టితో వ్యవసాయ శాస్త్రరచనలను పరిశీలించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. వాక్యంలో కర్త ఎవరని అడగడం వారి నిత్యవిద్య. ఆ ప్రశ్నను సాహిత్య పాఠాలకే పరిమితం చేయకుండా విత్తన సంచి వెంట వచ్చే కరపత్రానికి కూడా వేయగలిగితే, విత్తనం ఎంచుకొనే రైతుకు అది నేరుగా ఉపకరిస్తుంది.